పటం గంగలో కలిపినవాళ్ళకు మ్యూజియం చూపిస్తారా?

ఏటా ఆగస్టు 22న ప్రపంచ జానపద దినోత్సవం వస్తుంది. అంటే, పేపర్లలో ఒకే వ్యాసం నాలుగు పేర్లతో వస్తుంది. జానపద కళలు అంతరించిపోతున్నాయి, టీవీలూ సెల్‌ఫోన్లూ వాటిని మింగేశాయి, ప్రభుత్వం ఆదుకోవాలి, పింఛను పెంచాలి, రేపటి తరాల కోసం భద్రపరచాలి. పక్కన డప్పు కొడుతున్న మనిషి ఫోటో. ఆ మనిషి పేరు మాత్రం ఉండదు. ఈ మాట ఎంత అరిగిపోయిందంటే ఇది నిజమా కాదా అని అడిగేవాళ్ళే లేరు. నేనూ అడగలేదు. రెండు మూడు సభల్లో ఇదే మాట మైకులో చెప్పి, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చినవాణ్ణే.

అది అబద్ధం. జాలితో చెప్పేది కాబట్టి ఎవరూ పట్టించుకోని అబద్ధం.

మాది నెక్కొండ. వరంగల్ నుంచి విజయవాడ పోయే లైను మీద చింతలపల్లి, ఎలుగూరు దాటాక వచ్చే స్టేషను. మిరప, పత్తి, చుట్టూ లంబాడీ తండాలు. మేము పద్మశాలీలం. నా చిన్నప్పుడు పంటల డబ్బు చేతులు మారే రోజుల్లో పొద్దుటి ప్యాసింజరు దిగి మా కులకథ చెప్పే కూనపులి వాళ్ళు వచ్చేవారు. ముగ్గురో నలుగురో మనుషులు, ఒక హార్మోనియం పెట్టె, తాళాలు, భుజం మీద పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్న పటం. ఆ రోజు మా వాడలో మగ్గాలు పెందలాడే ఆగేవి. రాత్రి వేపచెట్టు కింద రెండు గుంజలు పాతి, అడ్డకర్రకు పటం వేలాడదీసేవారు. పెట్రోమాక్స్ లైటు వెలుతురులో ముందు ఎరుపు కనబడేది. నేలంతా ఎరుపే. ఆ ఎరుపులోంచి ఒక్కొక్క గడిగా కథ కిందికి దిగేది. పులినెక్కిన భావనా రుషి, సూర్యుడి కూతురు భద్రావతి, తామర తూడు లోంచి తీసిన నూలు. పెద్దాయన కర్రతో బొమ్మను తాకి చెబుతుంటే ఆ కర్ర ఆగిన చోటే మా కళ్ళూ ఆగేవి.

కానీ నాకు ఇప్పటికీ గుర్తున్నది బొమ్మలు కాదు. కథ నడుమ ఆయన ఆగి, ఎదురుగా కూర్చున్నవాళ్ళ ఇంటిపేర్లు, గోత్రాలు చదివేవాడు. మా గోత్రాలు నూటొక్కటంటారు. ఎవరిది ఏదో ఆయనకు తెలుసు. మా తాతకే గుర్తులేని మా ముత్తాత తండ్రి పేరు ఆయన నోటివెంట వచ్చేది. తెల్లారి ఇంటింటికీ తిరిగి తమకు రావలసింది తీసుకునేవారు. దానికి వాళ్ళ మాట ‘త్యాగం’. భిక్ష కాదు, బహుమానం కాదు. ఒక ఏడు మా నాయనమ్మ, పంట పాడైందని సగం కొలిచి పంపబోయింది. పెద్దాయన చాట వైపు చూడలేదు. ‘నిరుడిది కూడ బాకి ఉన్నది తల్లీ’ అన్నాడు, అరుగు మీద కూర్చుంటూ. ఆమె గొణుక్కుంటూ లోపలికెళ్ళి మిగతా సగం తెచ్చింది. అప్పుడు దీవించాడు.

జానపద దినోత్సవం వ్యాసాల్లో ఈ బాకీ మాట ఎక్కడా కనబడదు.

ఈ లెక్క మా ఒక్క వాడది కాదు. గౌడులకు గౌడ పురాణం చెప్పడానికి గౌడజెట్టీలు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పడానికి కాకిపడగల వాళ్ళు, రజకులకు మడేలు పురాణం చెప్పడానికి గంజికూటి వాళ్ళు, గొల్లలకు కొయ్యబొమ్మలు నిలబెట్టి కాటమరాజు కథ చెప్పడానికి మందెచ్చుల వాళ్ళు, మాదిగలకు జాంబ పురాణం చెప్పడానికి డక్కలి వాళ్ళు. ఏ ఊరు ఎవరి వంతో ముందే రాసిపెట్టి ఉండేది. దాన్ని మిరాశి అన్నారు. పొలం పంచుకున్నట్టు అన్నదమ్ములు ఊళ్ళు పంచుకున్నారు. మా ఊరికి వచ్చే పెద్దాయన, ‘నెక్కొండ మా నాయిన వాటకు వచ్చింది’ అని అచ్చం మన పాలివాళ్ళు చెప్పినట్టే చెప్పేవాడు. ఇంత స్పష్టమైన హక్కు పత్రాన్ని మనం ‘జానపద కళ’ అనే ఒక్క సంచిలో కుక్కి మూతి కట్టాం. కూనపులి పోయింది, గంజికూటి పోయింది, అందరూ ‘జానపద కళాకారులు’ అయ్యారు. పేరు పోయాక బాకీ ఎవరిని అడగాలి?

ఇక భద్రపరచడం సంగతి. పటం ఎట్లా తయారవుతుందో తెలిసినవాళ్ళకు ఆ పేరు ఎత్తగానే చేర్యాల గుర్తుకొస్తుంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పూత మీద పూత పట్టించి ఆరబెట్టి, నకాషీలు దాని మీద రాస్తారు. ముప్పై నలభై అడుగుల పటం కూడా ఉండేది. అంత కష్టపడి రాయించుకున్న పటం పాతబడి చినిగితే కథ చెప్పేవాళ్ళు ఏం చేసేవారు? అటకెక్కించలేదు. అద్దాల బీరువాలో పెట్టలేదు. మనిషి పోతే చేసే తంతు దానికీ చేసి గంగలో కలిపారు. మళ్ళీ చేర్యాల పోయి కొత్తది రాయించుకున్నారు.

అట్లా కలపడం వాళ్ళకు పటం విలువ తెలియక కాదు. కళ్ళు తెరిచి చూస్తే మన చుట్టూ అన్నీ అట్లాంటివే. తొమ్మిది రోజులు పేర్చిన బతుకమ్మ చెరువు పాలు. ఐనవోలు జాతరలో ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, ఆకుపొడి, బియ్యప్పిండి చారెడు చారెడు వదులుతూ గంటసేపు వేసిన మల్లన్న పట్నం, ఆ పూజ కాగానే తొక్కిడిలో చెరిగిపోతుంది. ఎవరూ ‘అయ్యో పట్నం అంతరించింది’ అనరు. పక్క కుటుంబం వచ్చి డబ్బు కట్టి తమ పట్నం వేయించుకుంటుంది. చెరిపేవాళ్ళకు బెంగ లేదు. మళ్ళీ వేయించుకునేవాళ్ళు ఉన్నారు. వేయించుకునేవాళ్ళు లేని రోజున బెంగపడాలి తప్ప చెరిగిన రోజున కాదు.

నన్ను ఎదిరించేవాళ్ళ దగ్గర ఒక గట్టి ప్రశ్న ఉంది. ‘మరి ఎవరూ వేయించుకోవడం లేదు కదా, టీవీ వచ్చాక కథలు వినేదెవరు?’ అంటారు. మా వాడ సంగతి చెబుతాను. మా ఇళ్ళల్లోకి టీవీ రాకముందే మగ్గాలు మూలకు చేరాయి. మరనూలుతో పోటీపడలేక మనుషులు షోలాపూర్, భీవండి, సూరత్ బండ్లెక్కారు. వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు మీద బతికినవాళ్ళు ఆ మిల్లు మూతబడ్డాక చెల్లాచెదురయ్యారు. కూనపులి పెద్దాయన వేపచెట్టు కిందికి వచ్చేసరికి సగం ఇళ్ళకు తాళాలు. కథ వినేవాడికి విసుగు పుట్టలేదు, వాడికి బతుకుతెరువు పోయింది. మగ్గం గుంటలో మట్టి పూడ్చిన చోట భావనా రుషి కథ ఎవరికి చెబుతారు? టీవీ మీద నెపం నెడితే సులువు. టీవీకి ఓటు లేదు, అది తిరిగి మాట్లాడదు.

మరో పక్క చేర్యాల బొమ్మ హాయిగానే ఉంది. దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాస్కులు, పెన్నుల స్టాండ్లు, డ్రాయింగ్ రూముల్లో వేలాడే రెండు గడుల బొమ్మలు శిల్పారామంలో అమ్ముతున్నారు. నకాషీ కుటుంబాలు నాలుగు డబ్బులు చూస్తే నాకు సంతోషమే. కానీ చూడండి. ‘కళ బతికింది’ అని చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ, పటం ఎత్తుకుని తిరిగిన మనిషి ఎటు పోయాడని అడగలేదు. బొమ్మ బతికింది, కథకుడు పోయాడు. కళను కాపాడామని చెప్పుకోవడానికి ఈ రెండో సంగతి దాచాల్సి వచ్చింది.

మిరాశి పాత ముచ్చట అంతా తేనె అని నేను అనడం లేదు. అది కులం గీసిన గీతల మీదే నడిచింది. డక్కలి వాళ్ళను మాదిగ ఇంటి గడప బయటే నిలబెట్టారు. అంటరానివాళ్ళకు అంటరానివాళ్ళుగా ఊరికి దూరంగా, ముల్లెమూటలతో చెట్ల కింద బతికారు వాళ్ళు. ఆ గడప నాకు మళ్ళీ వద్దు. అయినా ఆ గడప బయట కూర్చుని వాళ్ళు చెప్పిన కథ ఏమిటి? సృష్టికి ముందే పుట్టినవాడు జాంబవంతుడు, మీరు ఆయన సంతతి, అందరికంటే పెద్దవాళ్ళు అని. ఊరు ‘నువ్వు కడపటివాడివి’ అంటుంటే తరతరాలుగా ‘నువ్వు మొదటివాడివి’ అని చెవిలో చెప్పినవాళ్ళు డక్కలివాళ్ళు. 1994లో ఎస్సీ వర్గీకరణ కోసం మాదిగ దండోరా మొదలైనప్పుడు ఆ చెప్పుడు ఊరికే పోలేదనే నేననుకుంటాను. చావుకూ చాటింపుకూ కొట్టిన డప్పే అప్పుడు హక్కు అడగడానికి రోడ్డెక్కింది. ఆ ఉద్యమాన్ని నడిపిన మంద కృష్ణ మాదిగ మన వరంగల్ జిల్లా మనిషి. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది 2024 ఆగస్టు 1న. ముప్పై ఏళ్ళు. తెలంగాణలో 2025లో వచ్చిన చట్టం డక్కలి వాళ్ళను అందరికంటే వెనకబడిన మొదటి గుంపులో చేర్చి ఆ గుంపుకు ఒక శాతం కేటాయించింది. ఆ ముప్పై ఏళ్ళలో డప్పు ఎక్కడా ‘భద్రపరచబడలేదు’. కొట్టి కొట్టి తోళ్ళు చిరిగాయి, కొత్త తోళ్ళు బిగించారు.

ఈ ముచ్చట మన దగ్గరే కాదు. మా చిన్నాన్న కొడుకు ఒకడు అమెరికాలో ఉంటాడు. అక్కడ సెప్టెంబరు 15 నుంచి నెల రోజులు స్పానిష్ మూలాల వాళ్ళ వారసత్వ మాసం చేస్తారట. వాళ్ళ ఆఫీసు క్యాంటీన్లో ఆ నెల టాకోలు పెట్టి, గోడకు పెద్ద టోపీ తగిలిస్తారని చెప్పి నవ్వాడు. మన రవీంద్రభారతి సభల ముచ్చటే. కానీ అదే దేశంలో ఆ జనం తమకోసం తాము చేసుకున్నది వేరు. శాన్ డియెగోలో బారియో లోగన్ అని మెక్సికన్ మూలాల వాళ్ళ వాడ ఉంది. ఆ వాడను చీల్చుకుంటూ ముందు హైవే పోయింది, 1969లో కరొనాడో వంతెన వచ్చింది. వంతెన కింద మిగిలిన జాగాలో పార్కు వస్తుందని వాళ్ళు ఎదురుచూస్తుంటే, 1970 ఏప్రిల్ 22న బుల్డోజర్లు వచ్చాయి. హైవే పోలీసుల స్టేషను కడతారట. వాడంతా, పిల్లాజెల్లాతో సహా, వచ్చి బుల్డోజర్ల ముందు నిలబడింది. పన్నెండు రోజులు జాగా వదల్లేదు. తామే మట్టి తవ్వి మొక్కలు నాటారు. జాగా దక్కింది. వంతెన స్తంభాల మీద ఇవాళ ప్రపంచమంతా ఫోటోలు తీసుకునే ఆ పెద్ద పెద్ద బొమ్మలు మొదలైంది మూడేళ్ళ తరువాత, 1973లో. ముందు నేల, తరువాత రంగు. 2016లో ప్రభుత్వం దానికి జాతీయ చారిత్రక స్థలం అని పేరు పెట్టింది, కానీ పేరు పెట్టడం వల్ల అది బతకలేదు. వెలిసిన బొమ్మలను మళ్ళీ మళ్ళీ రాసుకునే వాడ ఉండబట్టి బతికింది.

అంతకు ముందే, 1965లో, కాలిఫోర్నియా డెలానోలో ద్రాక్షతోటల కూలీలు సమ్మె కట్టినప్పుడు లూయిస్ వాల్డెజ్ అనే యువకుడు కూలీలనే నటులను చేసి నాటికలు ఆడించాడు. లారీ వెనక భాగమే స్టేజీ. వేషాలకు డబ్బుల్లేవు కాబట్టి మెడలో అట్టముక్క వేలాడదీసేవారు. దాని మీద ‘యజమాని’ అని ఉంటే యజమాని, ‘కూలీ’ అని ఉంటే కూలీ. ఇది చదివినప్పుడు నాకు తెలంగాణ సాయుధ పోరాట కవి సుద్దాల హనుమంతు గుర్తొచ్చాడు. గొల్లసుద్దుల బాణీని తీసి సంఘం చేతికిచ్చినవాడు ఆయన. ఆ బాణీని ‘అంతరిస్తున్న కళారూపం’ అనుకుని ఉంటే మ్యూజియానికి ఇచ్చేవాడు.

తెలంగాణ ఉద్యమంలోనూ మనం అదే చూశాం. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం పాటల సభ ఊరూరూ తిరిగింది. నెక్కొండ వంటి చోట్ల ట్రాక్టరు ట్రాలీ మీద గొంగడి కప్పుకుని నిలబడిన గొంతుకు మైకు సరిగ్గా అందకపోయినా జనం కదల్లేదు. ఆ పాట అడిగేది. ‘మా నీళ్ళేవి, మా కొలువులేవి’ అని నిలదీసేది. రాష్ట్రం వచ్చింది. సాంస్కృతిక సారథి అనే సంస్థ పెట్టి 550 మందికి కొలువులిచ్చారు. జీతం ఇవ్వడాన్ని నేను తప్పు పట్టను. పొట్ట మాడిన కళాకారుడి ముందు నీతులు చెప్పే పాపం నాకొద్దు. కానీ నిన్నటిదాకా అడిగిన పాట మర్నాటి నుంచి చాటడం మొదలుపెట్టింది. మొక్కలు నాటండి, నల్లా నీళ్ళు వస్తున్నాయి, ఫలానా పథకం ఫలానా తేదీ. నిన్న దొరను అడిగిన గొంతు ఇవాళ దొర తరఫున దండోరా వేస్తే జనం దాన్ని పాటగా వింటారా, ప్రకటనగానా? ‘ప్రభుత్వం ఆదుకోవాలి’ అనే వినతిపత్రం నెరవేరితే ఎట్లా ఉంటుందో మనం కళ్ళారా చూశాం.

అవార్డుల సంగతీ అంతే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నాడని పత్రికలు రాశాయి. ఎవరిదో ఒకరి తప్పు వెతకడానికి ఇది చెప్పడం లేదు. పతకం మెడలో పడుతుంది, బాకీ ఇంటికి వస్తుంది. ఆ రెండూ ఒకటి కాదు.

నేను శాలువాలు మానేసింది ఒక సభ తరువాత. ఎక్కడో, ఎవరు పెట్టారో చెప్పను. కూనపులి బృందానికి పది నిమిషాలు ఇచ్చారు. గణపతిని, శారదను తలుచుకోవడానికే వాళ్ళకు పావుగంట పడుతుంది. రెండో గడి విప్పుతుండగా ముఖ్య అతిథి కారు వచ్చిందని మైకు ఆపేశారు. పెద్దాయన కర్ర గాలిలోనే ఉండిపోయింది. భద్రావతి పెళ్ళికూతురు కాకముందే పటం చుట్టుకున్నారు. ఆయన చేతికిచ్చిన ప్రశంసాపత్రంలో కూనపులి అన్న మాట లేదు, ‘జానపద కళాకారుడు’ అని ఉంది. ఆ సభ పేరు ఏమిటో తెలుసా? కళల పరిరక్షణ సదస్సు.

ఇక తండాలకు వద్దాం. ఎందుకంటే అంతరించిపోతున్నాయనే వాళ్ళు అక్కడికి పోరు. పోయినా ముక్కు మీద వేలేసుకుని వస్తారు. శ్రావణంలో మా పక్క తండాలో తీజ్‌కు నా మిత్రుడు, మిర్చి రైతు, పిలిచాడు. పుట్టమన్ను నింపిన వెదురుబుట్టల్లో నానిన గోధుమలు చల్లి, మంచె మీద పెట్టి, పెళ్ళికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తారు. పొద్దున, మాపున బిందెలతో వరస కట్టి పాడుతూ పోతారు. రేగుకంపకు నానిన శనగలు గుచ్చే రోజు సరదా చూడాలి. ముల్లుకు గింజ ఎక్కించబోతుంటే మగపిల్లలు కంపను ఊపుతారు. వేలికి ముల్లు గుచ్చుకుని ఒకమ్మాయి తిట్టిన తిట్టు గోర్‌బోలిలో నాకు అర్థం కాలేదు గానీ, తండా అంతా పొట్ట పట్టుకుని నవ్వింది. తొమ్మిదో నాడు పసుపుపచ్చగా మొలిచిన గోధుమ నారు తెంపి అన్నదమ్ముల తలపాగాల్లో దోపి, బుట్టలను చెరువులో కలిపేశారు. దారంతా డీజే. యూట్యూబులో పెట్టిన బంజారా పాటలు. పాడింది, ఆడింది, షూట్ చేసింది చుట్టుపక్కల తండాల పిల్లలే.

నాతో వచ్చిన పంతులుగారికి డీజే నచ్చలేదు. ‘మీ సంస్కృతి చెడిపోతున్నది అమ్మా’ అన్నాడు, డిగ్రీ చదివే ఒక పిల్లతో. ఆమె తడి చేతులు లంగాకు తుడుచుకుంటూ, ‘మీ పెండ్లిళ్ళల్ల డీజే పెట్టరా సార్?’ అని అడిగి వెళ్ళిపోయింది. ఆ తీజ్‌కు ఏ శాఖ నిధులూ లేవు. ఇంటికింత అని వేసుకున్నారు. ఏ ఇల్లు ఎంత వేసిందో, ఎవరు ఎగ్గొట్టారో రాసిన చిన్న నోటుబుక్కు మా మిత్రుడి జేబులో ఉంది. 2018లో తండాలు పంచాయతీలయ్యాక జరిగిన ఎన్నికల్లో ఓట్ల పొత్తులు కూడా ఈ బుట్టల చుట్టూనే కుదిరాయని చెప్పాడు. ఈ నోటుబుక్కు ఉన్నన్నాళ్ళు నేను తీజ్ గురించి కంగారుపడను.

పోయినవి పోలేదని నేను అనడం లేదు. భావనా రుషి కథలో నాకు నాలుగు ముక్కలు కూడా పూర్తిగా రావు. ఆ కథలు రికార్డు చేసి, వాద్యాలు సేకరించి జయధీర్ తిరుమలరావు గారి వంటివాళ్ళు చేసిన పని లేకుంటే కొన్నింటి పేర్లు కూడా మిగిలేవి కావు. వాళ్ళకు దండం. అయితే వాళ్ళు చేసింది సాక్ష్యం పోగుచేయడం. సాక్ష్యం చూపి మనం బాకీ తీర్చాలి. మనం సాక్ష్యానికే గంధం పూసి కూర్చున్నాం. మా కుల సంఘాలకు కల్యాణమండపాలు కట్టడానికి డబ్బుంది. కార్తీక వనభోజనాల్లో ఫ్లెక్సీలకు డబ్బుంది. ఆ ఫ్లెక్సీల మీద మా కుల మూలపురుషుడు మార్కండేయుడి బొమ్మ కూడా ఉంటుంది. మార్కండేయుడి కథ చెప్పేవాడికి ఇవ్వాల్సింది మాత్రం ప్రభుత్వం ఇవ్వాలట. మా నాయనమ్మ చాట సర్కారు ఖాతాలో ఎప్పుడు జమ అయింది?

నిరుడు ఎండాకాలం కూనపులి పెద్దాయన కొడుకు నెక్కొండ వచ్చాడు. ఇప్పుడు అతనూ పెద్దాయనే. చేతిలో పటం లేదు, ఒట్టి సంచి. ఎక్కడ పెట్టావని అడిగాను. మా మనవడికి ఫోటో తీసి చూపించాలని, పాతదైనా ఉంటే మ్యూజియంవాళ్ళతో మాట్లాడి మంచి ధర ఇప్పిస్తానని కూడా అన్నాను. అలవాటు పోదు.

‘అది అయిపోయింది సారూ. పోయినేడే గంగల కలిపినం’ అన్నాడు, మా ఇంట్లో ఎవరో పోతే చెప్పినట్టే. మంచినీళ్ళు తాగి చెంబు కింద పెట్టి, సంచిలోంచి ఒక పాత లెక్కల పుస్తకం తీశాడు. అట్ట చినిగిపోయింది. అందులో మా వాడ ఇళ్ళ పేర్లు, వాటి ఎదురుగా ఏళ్ళు, వాటి ఎదురుగా సున్నాలు. ‘కొత్తది రాయించాలె. చేర్యాలల అడిగొచ్చిన. మీ వాడకట్టు వంతు ఎంతయితదో చెప్పుండ్రి, రాసుకుంట.’

వేళ్ళు మడిచి, మా వాడలో తాళాలు లేని ఇళ్ళు ఎన్నున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను.